ఫోను మారడమంటే ఇల్లు మారడమే



ఈ మధ్య మన పాతబస్తీలో నలుగురు ఆడవాళ్ళు ఒకచోట చేరితే, అది బోనాల పండుగ కానివ్వండి, పేరంటం కానివ్వండి, బంగారం ధర తర్వాత వచ్చే మాట ఫోను మాటే. "నా ఫోను నెమ్మదించింది, ఈసారి ఐఫోను తీసుకోమని మావాడు ఒకటే పోరు" అని శాలిబండ వదినగారంటే, "మా తమ్ముడు అమెరికా నుంచి పంపిన ఐఫోను నాకు చేత కావటం లేదమ్మా, మళ్ళీ మామూలు ఫోనే కొనుక్కుంటా" అని గౌలిపురా పిన్నిగారంటారు. ఇక్కడివారికి అక్కడ, అక్కడివారికి ఇక్కడ బాగున్నట్టు కనిపిస్తుంది. పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊరికే అన్నారా? పుల్లకూరైతే ఒక పూట తిని ఊరుకోవచ్చు. ఫోను అలా కాదు గదా! వేలకు వేలు పోసి కొన్నాక నాలుగైదేళ్ళు దానితోనే కాపురం చెయ్యాలి. అందుకని ఒక రకం ఫోను నుంచి మరో రకానికి మారాలనుకొనే ఆడవాళ్ళు ముందుగా ఏమేం చూసుకోవాలో ఈ రోజు చెప్పుకుందాం.

మనం ఫోను కొనేటప్పుడు దాని రంగు చూస్తాం, కెమెరా చూస్తాం, ధర చూస్తాం. లోపల దాన్ని నడిపించేది ఇంకొకటుంది. దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఇంటికి గోడలు, కరెంటు లైను, నీళ్ళ పైపు, తాళాలు ఎలాగో ఫోనుకి ఇది అలాగ. వాట్సాపు, బ్యాంకు యాపు, ఫోటోలు వగైరాలన్నీ ఆ ఇంట్లో మనం తెచ్చి సర్దుకొనే సామాను అన్నమాట.

ఇప్పుడు లోకంలో ముఖ్యంగా ఇలాంటి ఇళ్ళు రెండే ఉన్నాయి. ఒకటి ఆపిల్ కంపెనీది. 2007లో మొదటి ఐఫోనుతో వచ్చింది. దాన్ని ఐఓఎస్ అంటారు. అది ఐఫోనులో తప్ప వేరే ఫోనులో ఉండదు. రెండోది గూగుల్ వారి ఆండ్రాయిడ్. దానితో మొదటి ఫోను 2008లో వచ్చింది. సామ్‌సంగ్, రెడ్‌మి, వివో, ఒప్పో, ఇలా పేర్లు ఎన్ని ఉన్నా లోపల ఉన్నది ఆండ్రాయిడే. మన దేశంలో నూటికి తొంభైకి పైగా ఫోన్లు ఈ రకానివే. కాబట్టి రెడ్‌మి నుంచి సామ్‌సంగుకి మారితే అదే ఇంట్లో గది మారినట్టు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోనుకి మారితే ఇల్లే మారినట్టు. ఇల్లు మారేటప్పుడు గిన్నెలూ చెంబులూ మనతో వస్తాయి గాని, గోడకు కట్టిన అలమార వస్తుందా? ఫోనులో కూడా వచ్చేవీ రానివీ ఉన్నాయి. అది ముందు తెలుసుకోవాలి.

మరి మూడో రకం లేదా అని అడగవచ్చు. ఉండేది. ఆ కథకీ మన ఊరికీ చుట్టరికం ఉంది. మైక్రోసాఫ్ట్ 1998లో, గూగుల్ 2004లో, ఆపిల్ 2016లో హైదరాబాదులో తమ కార్యాలయాలు తెరిచాయి. మైక్రోసాఫ్ట్ వారు 2010లో విండోస్ ఫోను అని ఒకటి తెచ్చారు. మరుసటి ఏడాది నోకియా కంపెనీ వారితో చేతులు కలిపింది. లూమియా అనే రంగురంగుల ఫోన్లు చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదువుకొన్న సత్య నాదెళ్ళ గారు 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్టుకు అధిపతి అయ్యారు. ఆ ఏప్రిల్‌లోనే నోకియా ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్టు చేతికి వచ్చింది. ఏడాది గడిచాక, 2015లో, ఆ వ్యాపారం కింద 760 కోట్ల డాలర్లు నష్టం రాసుకోవలసి వచ్చింది. ఆ ఫోన్లు చెడ్డవి కావు. చూడ ముచ్చటగా ఉండేవి, చక్కగా పనిచేసేవి. కాని కొనేవాళ్ళు తక్కువని యాపులు తయారుచేసేవారు అటు రాలేదు. యాపులు లేవని కొనేవాళ్ళు రాలేదు. గిరాకీ లేదని కొట్టు తెరవకపోతే, కొట్టు లేదని గిరాకీ రాకపోతే, ఆ బజారు ఎన్నాళ్ళు నిలుస్తుంది చెప్పండి? 2019 డిసెంబరుతో వాటిలో వాట్సాపు ఆగిపోయింది.

ఒకప్పుడు ఆఫీసరు బాబుల చేతిలో వెలిగిన బ్లాక్‌బెర్రీ పాత ఫోన్లకు 2022 జనవరి 4తో ఆ కంపెనీ సేవలు ఆపేసింది. 2017లో తక్కువ ధరకు వచ్చిన జియోఫోనులో కైఓఎస్ అని వేరే ఏర్పాటు ఉండేది. దానిలోకి 2018లో వాట్సాపు వచ్చింది, 2025లో పోయింది. 2023 జనవరిలో మద్రాసు ఐఐటీ అండతో భార్‌ఓఎస్ అనే మన దేశపు ప్రయత్నం వెలువడింది. వినడానికి ఎంతో సంతోషం. అయినా కొత్తది ఏది వచ్చినా గృహిణి వేయవలసిన ప్రశ్న ఒక్కటే: నా బ్యాంకు, నా వాట్సాపు, పిల్లల బడివారు వాడమన్న యాపు, ఇవన్నీ ఇందులో నడుస్తాయా? నడవకపోతే ఎంత అందమైన ఫోనైనా అలమారలో పెట్టే బొమ్మే.

పెద్ద కంపెనీదైతే ఇక చూసుకొనక్కర్లేదని కూడా అనుకోకూడదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను వణికించింది మన తెలుగు అక్షరమే సుమండీ! జ్ఞానం, జ్ఞాపకం అని రాస్తామే, ఆ 'జ్ఞా' అన్న అక్షరం మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు చేరి మెసేజిగా వస్తే చాలు, దాన్ని చూపించడం చేతకాక ఐఫోనులో ఆ యాపు కాస్తా మూతపడిపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూతపడేది. లోకంలో ఎక్కడెక్కడి వాళ్ళో ఆకతాయితనంగా ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకొన్నారు. ఆపిల్ వారు ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అనే సవరణ ఇచ్చి దాన్ని సరిచేశారు. ఇప్పుడు రెండు రకాల ఫోన్లలోనూ తెలుగు చదువుకోవచ్చు, రాసుకోవచ్చు. ఇంతకీ ఇందులో నేర్చుకోవలసింది ఏమిటంటే, ఏ ఇంట్లోనైనా చూరు కారుతుంది. కారినప్పుడు మరమ్మతు చేయించే యజమాని ఉన్నాడా అన్నదే చూసుకోవాలి. ఆ మరమ్మతులనే అప్‌డేట్లు అంటారు. ఐఫోన్లకు సాధారణంగా ఐదారేళ్ళు అవి వస్తాయి. గూగుల్ వారు పిక్సెల్ 8 నుంచి, సామ్‌సంగ్ వారు ఎస్ 24 నుంచి ఏడేళ్ళు ఇస్తామని మాట ఇచ్చారు. కాని అవి ఖరీదైన ఫోన్లు. చవక ఆండ్రాయిడ్ ఫోన్లకు అంతకాలం రావు. కొనేముందు "దీనికి ఎన్నేళ్ళు అప్‌డేట్లు వస్తాయి?" అని కొట్టులో అడగండి. చీర కొనేటప్పుడు రంగు పోతుందా అని అడగమూ?

ఇక సామాను సంగతికి వద్దాం.

పేర్లూ నంబర్లూ మీ గూగుల్ ఖాతాలో దాచి ఉంటే భయం లేదు. కొత్త ఫోనులో ఆ ఖాతా తెరిస్తే అవే వస్తాయి, అది ఐఫోనైనా సరే. ఫోనులోనో సిమ్ కార్డులోనో మాత్రమే రాసుకొని ఉంటే, మారేముందే వాటిని ఖాతాలోకి ఎక్కించుకోవాలి. ఫోటోలు కూడా అంతే. గూగుల్ ఫోటోస్ ఐఫోనులోనూ నడుస్తుంది. కాకపోతే ఫోటోలన్నీ నిజంగా అందులోకి చేరాయా లేదా అని చూసుకోవాలి. చాలామందికి గూగుల్ వారు ఊరికే ఇచ్చే 15 జీబీ జాగా ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. ఆ తర్వాత తీసిన ఫోటోలు ఫోనులో తప్ప మరెక్కడా ఉండవు. ఆపిల్ వారు ఊరికే ఇచ్చేది 5 జీబీయే. ఈ తేడా గుర్తుంచుకోండి.

అన్నిటికన్నా చిక్కు వాట్సాపు. ఆండ్రాయిడ్‌లో వాట్సాపు నకలు గూగుల్ డ్రైవులో దాగుతుంది, ఐఫోనులో ఐక్లౌడులో దాగుతుంది. ఒకదాని పెట్టెకు ఇంకొకదాని తాళంచెవి పట్టదు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోనుకి మారేవారికి 'మూవ్ టు ఐఓఎస్' అని ఆపిల్ వారిదే ఒక యాపు ఉంది. 2022 నుంచి దాని ద్వారా వాట్సాపు మాటలు, బొమ్మలు, గొంతు మెసేజిలు కూడా తరలించుకోవచ్చు. పాత ఫోనులో ఆ యాపు వేసుకొని, రెండు ఫోన్లనూ ఛార్జింగుకి పెట్టి, ఒకే వైఫై మీద ఉంచి, కొత్త ఫోనును మొట్టమొదట అమర్చుకొనేటప్పుడే ఈ పని చెయ్యాలి. నంబరు కూడా అదే ఉండాలి. కొత్త ఫోను వాడకం మొదలుపెట్టేసి, "తర్వాత తీరిగ్గా చేసుకుందాంలే" అంటే చిక్కులో పడతారు. ఐఫోను నుంచి ఆండ్రాయిడ్‌కు వచ్చేవారు కూడా ఇదే జాగ్రత్త పడాలి. రెండు ఫోన్లనూ తీగతో కలిపి మార్చుకొనే పద్ధతి 2021లో సామ్‌సంగ్ ఫోన్లతో మొదలై తర్వాత మిగతావాటికీ వచ్చింది.

మా వీధిలో ఒకావిడకు జరిగింది చెబుతాను. ఆవిడ తల్లిగారు పోయి రెండేళ్ళయింది. ఆ తల్లి ఊరి నుంచి పంపిన గొంతు మెసేజిలు, "తిన్నావా బిడ్డా, పిల్లలు మంచిగున్నరా" అన్నవి, ఆవిడ వాట్సాపులోనే ఉండేవి. పాత ఫోను మార్పిడికి ఇచ్చి కొత్త ఐఫోను తెచ్చుకొన్నారు. కొట్టులోని కుర్రవాడు పాత ఫోనును అక్కడికక్కడే తుడిచేసి, "అంతా వచ్చేస్తదమ్మా" అని చెప్పి పంపాడు. ఇంటికి వచ్చి చూస్తే నంబర్లు వచ్చాయి, ఫోటోలు చాలావరకు వచ్చాయి, వాట్సాపు మాత్రం ఖాళీ. "మా అమ్మ గొంతొక్కటే ఉండె వదినా నా దగ్గర. గదీ పాయె" అని ఆవిడ కన్నీళ్ళు పెట్టుకొంటే ఏమని ఓదార్చగలం? డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. ఇది తిరిగి వచ్చేదేనా? అందుకే మరీ మరీ చెబుతున్నాను. మనసుకు దగ్గరైన గొంతులు, ఫోటోలు వాట్సాపులోనే వదిలెయ్యకండి. వాటిని విడిగా ఖాతాలోనో, ఇంట్లో కంప్యూటరులోనో, పెన్‌డ్రైవులోనో దాచుకోండి. ఇది ఫోను మార్చేవారికే కాదు, మార్చనివారికీ వర్తించే మాటే.

తర్వాత డబ్బు. కూరగాయల బండి నుంచి కరెంటు బిల్లు దాకా అంతా యూపీఐ మీదనే నడుస్తోంది. ఈ యూపీఐ మీ సిమ్ముకూ ఆ ఫోనుకూ ముడివేసి ఉంటుంది. ఫోను మారితే ఆ ముడి తెగుతుంది. బ్యాంకులో ఉన్న నంబరు సిమ్ము కొత్త ఫోనులో వేసి, దానినుంచి ఒక మెసేజి వెళ్ళి, మళ్ళీ నమోదు కావాలి. మెసేజి పంపడానికి సిమ్ములో బ్యాలెన్సు ఉండాలి. ఇంకో మెలిక కూడా ఉంది. కొత్త ఫోనులో యూపీఐ మొదలుపెట్టగానే కొన్ని బ్యాంకులు ఆండ్రాయిడ్ మీదైతే మొదటి 24 గంటలు, ఐఫోను మీదైతే 72 గంటలు 5 వేల రూపాయలకు మించి పంపనివ్వవు. దొంగల భయం వల్ల పెట్టిన కట్టుబాటు అది, మంచికే. కాని రేపు పిల్లవాడి ఫీజు కట్టాలనగా ఇవాళ ఫోను మార్చారనుకోండి, ఏమవుతుంది? కాబట్టి ఫీజులు, అద్దె, చీటీ డబ్బు కట్టేసిన తర్వాతి వారంలో ఫోను మార్పు పెట్టుకోండి.

ఇప్పుడు నేను ముఖ్యమనుకొనే మాట. మీ ఫోనులోని గూగుల్ ఖాతా ఎవరిది? మన ఇళ్ళలో చాలాచోట్ల ఆడవాళ్ళ ఫోను కొడుకో భర్తో తెచ్చి, తమ ఖాతాతోనో, అప్పటికప్పుడు ఒక పేరు సృష్టించో తెరిచి ఇస్తారు. సంకేత పదం ఏమిటో ఆవిడకు తెలియదు, కొన్నాళ్ళకు కొడుక్కీ గుర్తుండదు. ఫోను నడుస్తున్నన్నాళ్ళూ ఏ బాధా లేదు. మార్చేనాడు మాత్రం ఇంటి తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియని పరిస్థితి. పదేళ్ళ ఫోటోలు, నంబర్లు, బ్యాంకు మెయిళ్ళు దాని వెనకనే ఉంటాయి. ఇనప్పెట్టె తాళం మన కొంగున ఉండాలనుకొంటాం గాని, ఇంత విలువైన తాళం సంగతి అడగనైనా అడగం! అందుచేత ఏ ఫోను కొంటారో తర్వాత చూడవచ్చు. ముందు మీ పేరున మీ ఖాతా ఉందో లేదో చూసుకోండి. సంకేత పదం మీకు తెలిసి ఉండాలి, ఒక పుస్తకంలో రాసి భద్రంగా బీరువాలో పెట్టండి. ఆ ఖాతాకు జతచేసిన ఫోను నంబరు ఇప్పుడు వాడుతున్నదే అయి ఉండాలి. ఐఫోను తీసుకొంటే ఆపిల్ ఖాతా కూడా మీ పేరుతోనే తెరిపించుకోండి. ఇందులో ఎవరినీ అనుమానించడం లేదు. ఎవరి వస్తువు తాళం వారి దగ్గర ఉండటం పద్ధతి, అంతే.

ఐఫోనులో భద్రత ఎక్కువ అంటారు, నిజమేనా? కొంతవరకు నిజమే. ట్రాఫిక్ చలానా అనో పెళ్ళి పిలుపు అనో పేరు పెట్టి వాట్సాపులో ఏపీకే అనే ఫైలు పంపి, దాన్ని తెరిచినవారి బ్యాంకు డబ్బు కాజేసే మోసాలు ఈ రెండు మూడేళ్ళుగా వింటున్నాం. ఆ ఫైళ్ళు ఆండ్రాయిడ్‌లో ఎక్కుతాయి, ఐఫోనులో ఎక్కవు. కాని ఫోను చేసి మాయమాటలు చెప్పి ఓటీపీ అడిగేవాడికి ఏ ఫోనైనా ఒకటే. ఆండ్రాయిడ్‌లోనే ఉండేవారు ప్లే స్టోరు నుంచి తప్ప యాపులు వేసుకోకుండా ఉంటే ఆ ప్రమాదం చాలామటుకు తప్పుతుంది. మోసం జరిగిందనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యండి.

చిన్న చిన్న ఇబ్బందులు కూడా చెప్పుకోవాలి. ఐఫోనులో కింద వెనక్కి వెళ్ళే గుర్తు ఉండదు, అంచు నుంచి వేలితో తోయాలి. మెమరీ కార్డు వెయ్యడానికి జాగా లేదు. మనకమ్మే ఐఫోన్లలో సాధారణంగా ఒక సిమ్ కార్డే పడుతుంది, రెండో నంబరును ఈసిమ్‌గా మార్పించుకోవాలి. 2023లో వచ్చిన ఐఫోను 15 నుంచి ఇంట్లో ఉన్న టైప్ సి ఛార్జరు తీగే సరిపోతుంది. అంతకు ముందువాటికి తీగ వేరే. డబ్బిచ్చి కొన్న యాపులు ఇటువి అటు రావు, మళ్ళీ కొనుక్కోవలసిందే.

కొత్త ఐఫోను ధర చూసి కళ్ళు తిరిగినవాళ్ళు ఆబిడ్సులో జగదీశ్ మార్కెటు వైపు పాత ఫోన్ల కోసం వెళుతుంటారు. వెళ్ళండి, తప్పులేదు. కాని మూడు పనులు చెయ్యండి. మొదటిది, రసీదు అడగండి. రెండోది, స్టారు, హ్యాషు, 06, హ్యాషు నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనబడుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి ఆ అంకెలు వేసి 14422కు మెసేజి పంపితే, ఆ ఫోను దొంగ సొత్తుగా నమోదై ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. మూడోది, పాత యజమాని ఖాతా అందులోంచి తీసివేశారా అని అక్కడే మీ కళ్ళెదుట చూపించమనండి. అది తియ్యకపోతే, ఫోనును ఎంత తుడిచినా ఆ యజమాని సంకేత పదం అడుగుతూ కూర్చుంటుంది. ఐఫోనుకీ ఆండ్రాయిడ్‌కీ రెండిటికీ ఈ తాళం ఉంది.

మరి మారాలా వద్దా? మీ ఇంట్లో పిల్లలందరూ ఐఫోను వాడుతూ, చిక్కు వచ్చినప్పుడు చెప్పేవాళ్ళు దగ్గరుంటే, ధర భారం కాకపోతే, మారవచ్చు. ఇప్పుడున్న ఫోను నెమ్మదించిందన్నదే కారణమైతే ముందు అక్కర్లేని వీడియోలు, గుడ్ మార్నింగ్ బొమ్మలు తీసేసి చూడండి. అల్మారా సర్దుకొంటే ఇల్లు మారే అవసరం తప్పినట్టే, ఇదీ ఒక్కోసారి తప్పుతుంది. మారాలని గట్టిగా అనిపిస్తే, ఆ రకం ఫోను ఇంట్లో ఎవరిదైనా తీసుకొని ఒక సాయంత్రం వాడి చూడండి. తెలుగులో నాలుగు ముక్కలు రాయండి, ఒక ఫోటో తీసి వెతికి పట్టుకోండి, ఒకరికి ఫోను చెయ్యండి. చేతికి కుదిరిందో లేదో అప్పుడే తెలిసిపోతుంది.

కొన్న తర్వాత కూడా పాత ఫోనును వెంటనే మార్పిడికి ఇవ్వకండి, ఎవరికీ దానం చెయ్యకండి. పదిహేను రోజులు ఇంట్లోనే ఉంచండి. ఫోటోలు, గొంతులు, బ్యాంకులు అన్నీ కొత్తదాంట్లో ఉన్నాయని ఒక్కొక్కటీ చూసుకొన్నాక, పాతదాంట్లోని యూపీఐ, ఖాతాలు తీసివేసి, అప్పుడు తుడిపించి ఇవ్వండి. కొట్టులో ఇచ్చే మార్పిడి తగ్గింపు కోసం తొందరపడి, డబ్బుకు దొరకనిది పోగొట్టుకోకూడదు.

ఈ వారం మధ్యాహ్నం పనులయ్యాక ఒక అరగంట కేటాయించి మీ ఖాతా సంకేత పదం ఒక్కటీ కనుక్కొని పెట్టుకోండి. ఫోను ఎప్పుడు మార్చినా, మార్చకపోయినా అది పనికివస్తుంది.

సెలవు.